పేరు కొడితే వచ్చే నంబరు

ముందెక్కడో వంతెన మీద లారీ ఆగిపోయిందట. కొవ్వూరు వైపు నుంచి నడుచుకుంటూ వస్తున్న మనిషెవరో ఆ మాట చెప్పి వెళ్ళిపోయాడు, అది విని షేరు ఆటో డ్రైవరు ఇంజను కట్టేశాడు, ఇంజను చప్పుడు పోగానే ఇంతసేపూ దాని కింద దాక్కున్న చప్పుడు పైకి వచ్చింది. గోదావరి. వీరదుర్గ పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు వింటూనే ఉంది, నిద్రలో వింది, పెళ్ళిపీటల మీద వింది, కాన్పు నొప్పుల్లో వింది, అయినా ఇలా ఇంత ఎత్తున, కదలని ఆటోలో కూర్చుని, వెచ్చబడ్డ ఫోను చేతిలో పట్టుకుని వినడం కొత్తగా ఉంది. పెద్ద గదిలో బోలెడుమంది గొంతు తగ్గించి ఒకేసారి మాట్లాడుకుంటున్నట్టుంది. ఫోను తెర మీద డబ్బు పంపే పేజీ తెరుచుకునే ఉంది. పైన కిరణ్ కుమార్ అన్న పేరు, కింద నొక్కాల్సిన నీలం రంగు గడి. వేలు ఆనిస్తే అయిపోతుంది. ఆనించకపోతే సాయంత్రంతో లింకు మూసుకుపోతుందన్నాడు, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు మేడమ్ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతు ఎంత మెత్తగా ఉందంటే, ఆపరేషను గదిలోంచి బయటికొచ్చి బంధువుల్ని పక్కకి పిలిచే డాక్టరు గొంతులా ఉంది.

డబ్బు కడితే మీ పడవ పేరు డైరెక్టరీల్లో ఎక్కిస్తామని అతను మొదటిసారి ఫోను చేసినప్పుడే, డైరెక్టరీలంటే ఏంటండీ అని అడిగింది. విసుక్కోకుండా చెప్పాడు. ఊళ్ళోకి కొత్తవాళ్ళొచ్చి ఫలానా పడవవాళ్ళ ఇల్లెక్కడండీ అంటే చెప్పడానికి నలుగురు ఉండాలి కదా మేడమ్, నెట్‌లో ఆ నలుగురే డైరెక్టరీలు, మీకు వెబ్‌సైటు ఉంది, ముచ్చటగా ఉంది, కానీ ఆ నలుగురికీ మీ పేరు తెలీదు, వెతికేవాళ్ళకి మీరు కనిపించరు, కనిపించకపోతే లేనట్టే కదండీ. లేనట్టే. ఆ మాట ఆమెకి చాలాసేపు చెవిలో ఉండిపోయింది. వెబ్‌సైటు పెట్టింది అక్క కూతురు హేమశ్రీ, భీమవరంలో ఇంజనీరింగు చదువుతోంది, కాలేజీలో ఏదో ప్రాజెక్టు చెయ్యాలంటే పిన్నీ మీ పడవ గురించి చేస్తానని కూర్చుంది. తెరిస్తే ఒక ఫొటో, ముందు కొసన మొగ మీద తెల్ల రంగుతో 'వీరదుర్గ' అని రాసి ఉన్న పడవ, దాని మీద వెనక్కి తిరిగి నిలబడ్డ ఆమె మొగుడు బుల్లియ్య వీపు, దూరంగా ఈ వంతెన. అస్థికలు నడి ఏట్లో కలపడానికి పడవ కావలసినవారు ఫోను చెయ్యండి అని ఒక వాక్యం, ఒక నంబరు. వీపు ఎందుకే, మొహం తియ్యొచ్చుగా అంటే బుల్లియ్యే వద్దన్నాడు, వచ్చేవాళ్ళు ఏడుస్తూ వస్తారు, ముందే నా పళ్ళికిలింపు చూసుకుని రావడం ఎందుకు అన్నాడు. ఆ వీపు చూసే జనం వచ్చారు. హైదరాబాద్ నుంచి, నాగపూర్ నుంచి, ఎక్కడో బొంబాయిలో స్థిరపడి తెలుగు సగం మరిచిపోయినవాళ్ళు కూడా వచ్చి, ఎర్రగుడ్డ కట్టిన కుండలు ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చునేవాళ్ళు. నడి ఏట్లో బుల్లియ్య ఇంజను ఆపేసేవాడు. ఆ నిశ్శబ్దంలో కుండ ఒంచేవాళ్ళు. రెండేళ్ళు బాగానే జరిగింది. ఆ తర్వాత, ఈ ఎండాకాలం నుంచి, ఫోను మోగడం మానేసింది. ఒక్కసారిగా కాదు. మెల్లగా, ఎవరో అవతల నుంచి ఒక్కొక్క తీగా తెంపుతున్నట్టు. సరిగ్గా అప్పుడే కిరణ్ కుమార్ ఫోను వచ్చింది. మేడమ్, ఈ మధ్య మీకు కాల్స్ తగ్గాయి కదండీ, అని మొదలుపెట్టాడు. అతనికెలా తెలుసని అప్పుడు అడగాలనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

అందుకే ఇవాళ మనిషిని కళ్ళారా చూసి మరీ ఇద్దామని రాజమండ్రి వెళ్ళింది. దానవాయిపేటలో ఆఫీసని అతనే ఒకసారి చెప్పిన అడ్రసు పట్టుకుని, మేడ మెట్లెక్కితే అక్కడ పళ్ళ ఆసుపత్రి ఉంది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి తలెత్తకుండానే, కిరణ్ కుమార్ కోసమా అండీ, ఆ పేరు అడుగుతూ చాలామందే వస్తున్నారండీ, అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరండీ, అంది. బల్ల మీద కూర్చున్న రోగులు చెంపలు పట్టుకుని ఆమె వైపు చూశారు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చిందో లేదో ఫోను మోగింది. వచ్చారటగా మేడమ్, అన్నాడు కిరణ్ కుమార్. ఆఫీసు మారిందండీ, ముందుగా ఒక్క మాట చెప్తే నేనే ఎదురొచ్చేవాణ్ణి కదండీ. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. బుల్లియ్యకి కూడా, చీరకి ఫాల్ వేయించుకోవాలని చెప్పి బయల్దేరింది. ఎండలో నిలబడి అటూ ఇటూ చూసింది, కొబ్బరిబోండాలవాడు, మందుల షాపు, స్కూటరు మీద ఫోను మాట్లాడుకుంటున్న ఒక మనిషి, వాడేనా, కాదు, వాడు కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. ఫోనుకి మనం ఎక్కడున్నామో తెలుస్తుందని హేమశ్రీ ఒకసారి చెప్పింది, ఆపేసుకో పిన్నీ అని కూడా చెప్పింది, ఎక్కడ ఆపాలో గుర్తులేదు. సరే ఒక పని చెయ్యండి మేడమ్, అన్నాడతను, మీ పడవ పేరు మీరే ఒకసారి నెట్‌లో కొట్టి చూడండి, ఏం వస్తుందో చూశాక మీ ఇష్టం. కొట్టింది. మొదట వచ్చింది. వీరదుర్గ పడవ సేవ, కొవ్వూరు. అదే పడవ, అదే వీపు, అదే వంతెన. అన్ని కాలాల్లోనూ, వరదల్లోనూ సేవలు అందుబాటులో ఉన్నవి. కింద నంబరు. ఆ నంబరు ఆమెది కాదు. చావు ఇంట్లో అద్దంలో చూసుకున్నట్టయింది, తన మొహమే, కానీ పెదాలు వేరే ఏదో చెబుతున్నాయి. ఇదెవరు పెట్టారండీ, అంటే, మాకు తెలీదండీ, ఖాళీగా ఉన్న పేరు ఎవరైనా పెట్టుకుంటారు మేడమ్, మీరు కడితే దాన్ని మీ వైపు తిప్పేస్తాం, ఆ నంబరుకి వచ్చే ప్రతి కాలూ మీ ఫోనులోనే మోగేలా చేస్తాం, రెండు నిమిషాల పని, అన్నాడు. పెట్టినవాడెవడో తెలీనివాడు, దాన్ని రెండు నిమిషాల్లో ఎలా తిప్పుతాడు. ఈ ప్రశ్న ఆటో ఎక్కాక వచ్చింది. ఆటో ఎక్కాక వచ్చే ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ఎవరుంటారు.

రోడ్డు కింది అంతస్తులో పట్టాల మీద రైలు వెళ్ళింది. వంతెన ఒళ్ళంతా వణికింది, ఆటో వణికింది, ఎదురు సీట్లో కూర్చున్న అమ్మాయి ఒళ్ళోని సంచి జారబోతే గబుక్కున రెండు చేతులతో పట్టుకుంది. వీరదుర్గ చూపు పక్కకి తిప్పుకుని కమ్మీల మధ్య నుంచి కిందికి చూసింది. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, పొయ్యి మీద బెల్లం పాకంలా పొర్లుతున్నాయి. ఎక్కడివో చెట్ల మొదళ్ళు, గడ్డి కుప్ప, నురగ తెట్టులు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేశారని నిన్న టీవీలో చెప్పారు. బుల్లియ్య అప్పటికే పడవని ఒడ్డు మీదికి లాగి రెండు తాళ్ళతో కట్టేశాడు, వరద ఎర్రనీరు ఉన్నన్నాళ్ళూ అతను పడవ తియ్యడు, కలెక్టరు వచ్చి అడిగినా తియ్యడు. అది ఆమె కోసం. పెళ్ళయిన కొత్తలో ఒక రాత్రి ఆమె తన నాన్న సంగతి చెప్పింది, కోటిపల్లి రేవులో నాన్న పడవ నడిపేవాడని, ఒక వరద నాడు ఎవరో అస్థికలు పట్టుకుని చాలా దూరం నుంచి వచ్చారని, ఆ ముసలావిడ నాన్న చేతులు పట్టుకుని ఇవాళ కలపకపోతే మా ఆయనకి ఏ గతీ ఉండదయ్యా అని ఏడ్చిందని, నాన్న కాదనలేకపోయాడని. ఎక్కినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. ముసలావిడ రాలేదు. వీరదుర్గ అప్పుడు రేవు మెట్ల మీద అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉంది, నీళ్ళలోంచి నాన్న పాక్కుంటూ బయటికొచ్చి అమ్మ మొహం వైపు చూడలేదు, చేతుల వైపు చూసుకున్నాడు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అలా చేతుల వైపే చూసుకుంటూ వాకిట్లో కూర్చున్నాడు. ఎవరైనా మంచినీళ్ళు అందిస్తే ఉలిక్కిపడేవాడు. అదంతా బుల్లియ్య విన్నాడు. పొద్దున్న లేచి రంగు డబ్బా తెచ్చి పడవ మొగ మీద ఆమె పేరు రాశాడు. ఈ పేరున్న పడవ ఎర్రనీట్లో దిగదు, పో, అన్నాడు.

వరదల్లోనూ సేవలు అందుబాటులో ఉన్నవి. ఎవరు రాశారు ఆ మాట. ఏ ఊళ్ళో కూర్చుని, ఏ ఫ్యాను కింద, ఈ నీళ్ళని ఎప్పుడైనా చూశాడా వాడు. కట్టాలా. కడితే దొంగకి దక్షిణ ఇచ్చినట్టు. మానేస్తే తన పేరు వాడి దగ్గరే ఉంటుంది, తన పేరుతో వాడు జనాన్ని పిలుస్తూనే ఉంటాడు, వాళ్ళు ఎక్కడికి వస్తారు, ఎవరి పడవ ఎక్కుతారు. హేమశ్రీని అడిగితే, పిన్నీ ఒక్క రూపాయి కూడా పంపకు, కంప్లయింటు పెడదాం, వారం పది రోజుల్లో తీసేస్తారు అంటుంది. అది నిజమే. చదువుకున్న పిల్ల, నిజమే చెబుతుంది. కానీ ఈ వారం పది రోజులూ నది ఊరుకుంటుందా.

“కొవ్వూరు వచ్చేసినట్టే నాన్నా, ఈ వంతెన దిగితే చాలు. పడవతను రేవు దగ్గరికి కాదు, కాస్త పైకి, ఇసుక ర్యాంపు దగ్గరికి రమ్మంటున్నాడు,” అంది ఎదురు సీట్లో అమ్మాయి, పక్కనున్న పెద్దాయనతో. పెద్దాయన తల ఊపాడు. తెల్ల చొక్కా, గుండు, గుండు మీద రెండు మూడు రోజుల నెరిసిన వెంట్రుక. అమ్మాయి ఒళ్ళో సంచిలోంచి ఎర్రగుడ్డ అంచు కనిపిస్తోంది. వీరదుర్గ అప్పుడు చూసింది. రాజమండ్రిలో ఎక్కినప్పటి నుంచీ మోకాళ్ళు తగులుతున్నంత దగ్గర్లో కూర్చున్నారు, తనే చూడలేదు. ఇసుక ర్యాంపు, ఇసుక లారీలు ఏట్లోకి దిగే చోటు. రేవులో పోలీసులు ఉంటారు, వరదప్పుడు పడవలు దిగనివ్వరు, అందుకని ర్యాంపు. ఎవరు, ఎవరి పడవ. అడక్కుండా ఉండిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అడిగింది.

“ఎక్కడికండీ, అస్థికలకాండీ?”

“అవునండీ,” అంది ఆ అమ్మాయి. “మా అమ్మవి. అమ్మది పెనుగొండ. గోదావరిలోనే కలపమని చెప్పింది. పడవ మాట్లాడుకున్నాం. నెట్‌లో ఉందండీ, వీరదుర్గ పడవ సేవ అని. అడ్వాన్సు కూడా పంపేశాం.”

చెవుల్లో నది చప్పుడు పెద్దదైంది. ఎవరి పేరు అది, తనదే, ఎవరో అమ్మాయి నోట్లోంచి, ఒక షాపు పేరులా, ఒక మందు పేరులా బయటికొచ్చింది. “ఆ పడవ మాదేనండీ,” అంది వీరదుర్గ. “నా పేరే వీరదుర్గండీ. మా పడవ ఇవాళ దిగదండీ. ఎర్రనీరు వచ్చింది. మీరు మాట్లాడింది మాతో కాదండీ.” అమ్మాయి ఆమె మొహం చూసింది, చీర చూసింది, కాళ్ళ చెప్పులు చూసింది, మర్యాదగానే చూసింది. తర్వాత ఫోను తీసి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది. అవతల మగగొంతు, కిరణ్ కుమార్‌ది కాదు, కానీ అదే మెత్తదనం, ఒకే బడిలో నేర్చుకున్నట్టు. “ఆశాజ్యోతి గారా, చెప్పండి మేడమ్. ఎవరో వద్దంటున్నారా? అక్కడ లోకల్ వాళ్ళు అలాగే అంటారండీ, కస్టమర్లని లాక్కోడానికి. పేర్లు కూడా చెప్తారండీ, మాదే ఆ పడవ అంటారు. మీరేం పట్టించుకోకండి. పడవ ఒక ట్రిప్పుకి వెళ్ళింది, వాళ్ళు తిరిగి రాగానే మీరే.” ఫోను ఆగిపోయింది. ఆశాజ్యోతి సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. వీరదుర్గ తన ఫోనులో హేమశ్రీ చేసిన వెబ్‌సైటు తీసి చూపించింది, అదే పడవ, అదే వీపు, ఇది మా ఆయనేనండీ. వీపు ఎవరిదైనా కావచ్చు కదా. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని రెండు ఫోన్లూ మార్చి మార్చి చూసి, “మాది పైన వస్తోందమ్మా, మీది ఎక్కడో కింద ఉంది,” అన్నాడు, నొచ్చుకుంటూనే.

పడవ ఒక ట్రిప్పుకి వెళ్ళింది. ఆ మాట ఇప్పుడు తగిలింది. ఎవరి పడవ. బుల్లియ్యకి ఫోను చేసింది. “ఏమయ్యా, ర్యాంపు నుంచి ఎవరన్నా దిగారా?” అంటే, “చంద్రరావు దిగాడే,” అన్నాడు. చంద్రరావు బుల్లియ్యకి పెదనాన్న కొడుకు, ఇసుక మోసే పాత ఇంజను పడవ వాడిది. “ఎవరో ఫోన్లో పార్టీల్ని పంపుతున్నారంట ఆడికి. అడ్డం పడ్డాను, ఇనలేదు. మన పేరు చెప్పుకుని వచ్చారంటే మనోళ్ళే కదరా అన్నాడు నాతో. నువ్వెక్కడున్నావ్, ఫాలు వెయ్యడానికి ఇంతసేపా?” వంతెన మీద ఉన్నానయ్యా అని పెట్టేసింది. మన పేరు చెప్పుకుని. ఒక పేరు ఇంటి ముందు రాసుకుంటే ఒక పేరే, పడవ మీద రాసుకుంటే ఒక పేరే, నెట్‌లోకి ఎక్కించాక అది ఎంతమంది నోళ్ళలో పడి తిరిగిందో, ఎక్కడెక్కడ ఏ గొంతులకి అరువుపోయిందో, ఇప్పుడు అది చంద్రరావు పడవెక్కి ఎర్రనీట్లోకి దిగింది. వెళ్ళినవాళ్ళు వస్తే వీళ్ళు ఎక్కుతారు. ఈ అమ్మాయి, ఈ పెద్దాయన, ఈ సంచి. తను ఎంత మొత్తుకున్నా నమ్మరు, ఎందుకు నమ్మాలి, ఆటోలో మోకాళ్ళు తగిలిన మనిషిని. ఆ నంబరునైతే నమ్ముతారు. ఆ నంబరు తన చేతిలో మోగితే నమ్ముతారు.

ఇదేదో నిర్ణయంలా రాలేదు. కాలు జారినట్టు వచ్చింది. నీలం గడి మీద బొటనవేలు ఆనింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. వంతెన నడిమధ్యలో సిగ్నలు ఎప్పుడూ సరిగ్గా ఉండదు, తిరుగుతూనే ఉంది, సుడిగుండంలో పడ్డ ఆకులా తిరుగుతూనే ఉంది, పోలేదు, రాలేదు, ఆగిపోతే బాగుండును, వెళ్ళిపోతే బాగుండును, దుర్గమ్మతల్లీ. పచ్చటి గుర్తు వచ్చింది. వెంటనే కిరణ్ కుమార్ మెసేజి. థాంక్యూ మేడమ్, తిప్పేశాం, చెక్ చేసుకోండి. అప్పటిదాకా చేతిలో చక్రం పట్టుకుని ఎదురుచూస్తున్నవాడిలా. నాకు తెలీదండీ అన్నవాడు. అసలు రెండు గొంతులూ ఒకే గదిలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉంటాయి. అది ఇప్పుడు అనవసరం.

“అమ్మా, ఒక్కసారి ఆ నంబరుకే మళ్ళీ చెయ్యండి,” అంది ఆశాజ్యోతితో. “నా కోసం కాదండీ. మీ అమ్మగారి కోసం చెయ్యండి.” ఆ అమ్మాయి విసుగ్గానే చేసింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత వీరదుర్గ అరచేతిలో ఫోను వణికింది, మోగింది. ఆశాజ్యోతి కట్ చేసింది, అది ఆగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ మోగింది. ఆ పిల్ల మొహంలో రంగు పోవడం వీరదుర్గ చూసింది. నమ్మింది. తను గెలిచింది. కానీ గెలిచినట్టు లేదు, ఎవరిదో తలుపు తోసి చీకటి గదిలో అడుగుపెట్టినట్టుంది, లోపల ఇంకా ఎవరెవరు ఉన్నారో తెలీదు.

ఫోను మూడోసారి మోగింది. ఈసారి చేసింది ఆశాజ్యోతి కాదు, ఆమె ఫోను సంచి మీద పడి ఉంది.

“హలో, హలో, వీరదుర్గ పడవవాళ్ళేనా అండీ?” కుర్రగొంతు, గాలి, నీళ్ళు, వెనక ఎవరో ఆడమనిషి గోవిందా గోవిందా అని గట్టిగా అంటోంది. “మీ పడవలోనే ఉన్నామండీ. ఇంజను ఆగిపోయిందండీ. మీవాడు తాడు లాగుతున్నాడు, స్టార్టవ్వట్లేదు, కొట్టుకుపోతున్నామండీ, ఎవర్నైనా పంపండి, మీ పడవేనండీ, దయచేసి...”

మీ పడవేనండీ. అవును, నాదే. ఇప్పుడే డబ్బు కట్టి తెచ్చుకున్నాను. వీరదుర్గ ఆటో దిగేసింది. ఎలా దిగిందో, ఎవరి కాలు తొక్కిందో, కమ్మీ దగ్గరికి పరుగెత్తింది, ఎగువ వైపు, ఎండ వాలిపోయి నీళ్ళ మీద రాగి రంగు పరుచుకుని కళ్ళలో గుచ్చుకుంటోంది, ఎక్కడా లేదు, చెట్టు మొద్దు, గడ్డి, మళ్ళీ చెట్టు మొద్దు, కాదు, ఆ మొద్దు మీద మనుషులున్నారు. అడ్డంగా తిరిగిపోయిన పడవ. చంద్రరావు వంగి ఇంజను మీద పడి ఉన్నాడు. తిన్నగా వంతెన స్తంభాల మీదికి వస్తోంది, తొందర లేకుండా వస్తున్నట్టు కనపడుతోంది పైనుంచి, ఆ తొందర లేకపోవడమే ఒళ్ళు గగుర్పొడిపిస్తోంది. “బాబూ, పెట్టెయ్యకు, నేను పైనే ఉన్నాను, వంతెన మీద, నిన్ను చూస్తున్నాను,” అంది ఫోనులో. ఒక చెయ్యి వెనక్కి చాపింది, అడక్కుండానే ఆశాజ్యోతి తన ఫోను ఆ చేతిలో పెట్టింది. బుల్లియ్య నంబరు కంఠతా వచ్చు. అతను ఎత్తగానే, “ఏమయ్యా, చంద్రరావు పడవ, ఇంజను పోయింది, వంతెన మీదికి వస్తోంది,” అంది. అంతే అంది. వెళ్ళమనలేదు. వెళ్ళవద్దనీ అనలేదు. అవతల అతని ఊపిరి వినపడింది, ఒకటే ఊపిరి, ఆ ఊపిరిలో ఆమె నాన్న ఉన్నాడు, పడవ మొగ మీద తెల్ల రంగు ఉంది, ఇద్దరికీ తెలుసు, తర్వాత ఫోను ఎక్కడో గట్టు మీద పడిన చప్పుడు, ఎవరినో కేక వేస్తున్న అతని గొంతు దూరమైపోవడం.

“అందరూ కింద కూర్చోండి బాబూ. నిలబడొద్దు. అమ్మగార్ని పడుకోబెట్టు. ఒక పక్కకి చేరొద్దు. బల్ల గట్టిగా పట్టుకోండి.” చెబుతోంది. ఏం చెబుతోందో తనకే తెలీదు, నాన్న చెప్పాల్సిన మాటలు, ఆ రోజు చెప్పాడో లేదో. “వస్తున్నారా అండీ?” “వస్తున్నారు బాబూ.” “కనపడుతున్నారా అండీ?” కనపడటం లేదు. “కనపడుతున్నారు బాబూ,” అంది. వెనక ఆటోల్లోంచి, బస్సులోంచి జనం దిగి కమ్మీ మీద వాలారు, కొందరు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. పెద్దాయన సంచిని గుండెలకి హత్తుకుని ఆమె పక్కన నిలబడ్డాడు, పెదాలు కదులుతున్నాయి. అప్పుడు గట్టు వైపు నుంచి నల్లటి గీతలా పడవ ఒకటి బయల్దేరింది, మొగ ఎత్తి, నీటిని ఏటవాలుగా కోసుకుంటూ, తెల్ల రంగు ఎండకి ఒక్కసారి మెరిసింది. ఎర్రనీట్లో. తన పేరు.

తాడు విసరడం చూసింది. అందలేదు. మళ్ళీ విసరడం చూసింది, చంద్రరావు రెండు చేతులూ చాపడం చూసింది, రెండు పడవలూ ఒకదాని వైపొకటి తిరుగుతూ స్తంభం వైపు, స్తంభం కింద తెల్లగా మరుగుతున్న నీటి వైపు, ఇంకా దగ్గరికి, ఆమె నిలబడ్డ చోటికి సరిగ్గా కిందికి వచ్చి, వంతెన కిందికి వెళ్ళిపోయాయి. ఫోనులో పెద్ద చప్పుడు వచ్చింది, ఇనుము మీద చెక్క రాసుకున్నట్టు, తర్వాత ఏమీ లేదు.

వీరదుర్గ వెనక్కి తిరిగి పరుగెత్తింది. రోడ్డుకి అటు పక్కకి, ఆగి ఉన్న బస్సుల మధ్య నుంచి, స్కూటర్ల మధ్య నుంచి, చెప్పు ఒకటి ఊడిపోయింది, దిగువ కమ్మీ పట్టుకుంది. ఈ కాస్త రోడ్డు వెడల్పు ఇంతుంటుందని ఆమెకి ఇదివరకెప్పుడూ తెలీదు. కింద ఎర్రనీరు బయటికి వస్తోంది, వంతెన నోట్లోంచి వస్తున్నట్టే ఉంది, నురగ వచ్చింది, బంతిపూల దండ ఒకటి వచ్చింది, ప్లాస్టిక్ చెంబు ఒకటి తిరుగుతూ వచ్చింది, నీళ్ళు, నీళ్ళు, ఇంకా నీళ్ళు. అమ్మ ఆ రోజు రేవు మెట్ల మీద ఇలాగే చూసి ఉంటుంది. తన చెయ్యి పట్టుకుని ఉందా, వదిలేసిందా, గుర్తు రాలేదు. మొగ వచ్చింది. తెల్ల అక్షరాలు. బుల్లియ్య ఒంగి, ఒంటినిండా నీళ్ళతో, ఒక చెయ్యి ఇంజను మీద. వెనక ఏమీ లేదు, తాడు మాత్రం నీళ్ళలోకి దిగి ఉంది, ఆ తాడు బిగుసుకుంది, పైకి లేచింది, దాని చివర చంద్రరావు పడవ ఒక పక్కకి ఒరిగిపోయి, సగానికి నీళ్ళు నిండి, బల్లలకి అతుక్కుపోయిన మనుషులతో బయటికి వచ్చింది. జనం అరిచారు. ఆమె తన ఫోను చెవికి నొక్కుకుంది.

“బాబూ, అందరూ ఉన్నారా? బాబూ?” చాలాసేపు గాలి. తర్వాత, “ఉన్నామండీ,” అంది గొంతు. “ఉన్నామండీ. అందరం ఉన్నాం. నాన్నగారి కుండ పోయిందండీ. ఇంకా కలపలేదండీ, మంత్రం కూడా చెప్పించలేదండీ, చేతిలోంచి జారిపోయిందండీ.” ఏడుస్తున్నాడు. “నదిలోనే కదా పోయింది బాబూ, పర్లేదు,” అంది ఆమె. పడవలు రెండూ వాలుకి దిగువకి పోయి కొవ్వూరు గట్టు వైపు ఒరుగుతున్నాయి, గట్టు మీద జనం పరుగెత్తుతున్నారు, అయిపోయింది, ఈపాటికి అయిపోయినట్టే. కమ్మీ కింద సిమెంటు గట్టు మీద కూలబడింది. ఆశాజ్యోతి వచ్చి ఊడిపోయిన చెప్పు ఆమె పాదం దగ్గర పెట్టి, పక్కనే కూర్చుంది. పెద్దాయన నిలబడే ఉన్నాడు. “వాళ్ళ తర్వాత మేమే కదమ్మా,” అన్నాడు, నదిని చూస్తూ. ముందు ఎక్కడో లారీ కదిలినట్టుంది, హారన్లు మొదలయ్యాయి, ఆటో డ్రైవరు ఎక్కండమ్మా అని కేకేస్తున్నాడు.

ఫోను చిన్నగా మోగింది. మెసేజి. కిరణ్ కుమార్. ఈ నెలాఖరు వరకు నంబరు మీ పేరు మీదే యాక్టివ్‌గా ఉంటుంది మేడమ్, తర్వాత రెన్యూ చేసుకోగలరు. చివర రెండు దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. నెలాఖరు. వరదలు ఒక్కోసారి వినాయకచవితి దాటాక కూడా వస్తాయి. రేపు పోలీస్ స్టేషనుకి వెళ్ళాలి, హేమశ్రీని పిలిపించాలి, కంప్లయింటు రాయించాలి, బుల్లియ్యకి అన్నీ చెప్పాలి, అతను ఏమంటాడో, ఏమీ అనడు, చేతుల వైపు చూసుకోకుండా ఉంటే చాలు. అవన్నీ రేపు. నెలాఖరు దాటిన మర్నాడు ఎవరో ఎక్కడో తల్లినో తండ్రినో కాల్చి వచ్చి, స్నానం చేసి, తడి వేళ్ళతో వీరదుర్గ అని కొడితే ఏ గొంతు పలుకుతుంది.

మళ్ళీ మోగింది. ఈసారి కాల్. తెలీని నంబరు. ఎత్తింది.

“నమస్కారమండీ, వీరదుర్గ పడవ సేవేనా అండీ? మేం నాగపూర్ నుంచి బయల్దేరాం. పొద్దున్నకి దిగుతాం. మొన్న మాట్లాడినప్పుడు, ఎంత వరదున్నా పర్లేదన్నారు కదండీ?”

“లేదండీ,” అంది వీరదుర్గ. “నేను అనలేదండీ. రావద్దండీ.” అవతల మనిషి ఇంకేదో అడుగుతుండగానే ఆ ఫోను లోపల ఇంకో కాల్ వస్తున్న చప్పుడు, దాని వెనక ఇంకొకటి.